పిడికెడు బియ్యం

తృప్తి అనే మాటంటే మన ఆడవాళ్ళకు కాస్త భయమే. పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ దానికి మనకు నేర్పిన అర్థం ఒక్కటే: సర్దుకుపోవడం. కూర చాలకపోతే అమ్మ పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటుంది. పండక్కి డబ్బు చాలకపోతే ఇల్లాలి చీర వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది. అది చూసి నలుగురూ "ఎంత తృప్తిగల మనిషో!" అంటారు. ఆ మెప్పు ఖరీదెంతో ఆ ఇల్లాలికే తెలుసు.

నేను చెప్పబోయే తృప్తి అది కాదు.

మావారు మంచం పట్టి మూడేళ్ళయింది. అద్దె ఇల్లు, చదువుకునే పిల్లలు, మూరెడు మందుల చీటీ. అందరికీ నెలాఖరు ముప్ఫయ్యో తారీఖున వస్తే, మా ఇంటికి ఇరవయ్యో తారీఖునే వచ్చి కూర్చుంటుంది. "ఇన్ని ప్రార్థనలు చేస్తావు కదా వదినా, కష్టాలు పోయాయా?" అని పక్కింటావిడ అడిగింది. పోలేదు. మందుల చీటీలో ఒక్క మాత్రా తగ్గలేదు. మరి నేనెలా నిలబడ్డానంటారా?

మా సంఘంలో స్త్రీలకు ఒక అలవాటుంది. పూటపూటా ఎసట్లో పోసేముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. వారానికోసారి కూటానికి తెచ్చి అందరివీ ఒకచోట పోస్తాం. అవి లేనివాళ్ళ ఇంటికి వెళతాయి. మావారు పడ్డ కొత్తలో మా ఇంటికే వచ్చాయి. తెచ్చిన ముసలమ్మ కూలికి పోయే మనిషి. "నీకే లేదు కదమ్మా, నాకెందుకు?" అన్నాను. ఆవిడ నవ్వి, "ఇచ్చీదాన్ని నాను పేదదాన్నెలగవుతానమ్మా?" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సర్దుకుపోయే మనిషి తనకు లేనిదాన్నే లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుంటుంది. ఈవిడ తన చేతిలో ఉన్నదాన్ని లెక్కపెట్టింది. మర్నాటి నుంచి నేనూ డబ్బా పెట్టాను.

పౌలు ఫిలిప్పీయులకు ఉత్తరం రాసేనాటికి ఖైదులో ఉన్నాడు. కలిమిలోనూ లేమిలోనూ నిలకడగా ఉండే విద్య తనకు పట్టుబడిందని అందులో చెప్పుకున్నాడు. విద్య అంటే నేర్చుకునేదే కదా, పుట్టుకతో వచ్చేది కాదు! నాకింకా నచ్చినదేమిటంటే, అదే ఉత్తరంలో తనకు సాయం పంపినవాళ్ళకు కృతజ్ఞతా చెప్పుకున్నాడు. అంటే తృప్తిగా ఉండడమంటే పళ్ళ బిగువున ఒంటరిగా భరించడం కాదన్నమాట.

మా ఎచ్చెర్ల మండలం సముద్రపు ఒడ్డు ఊళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు. అక్కడి మగవాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌కి వలసపోయి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఇరవైమంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి రాలేదు. పదమూడు నెలలు! ఆ ఇళ్ళలో ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకున్నారు. మా కూటంలో మేమూ వాళ్ళకోసం మోకరించాం. విడిపించడం ప్రభుత్వాల పని. ప్రార్థన చేసే పని వేరు. ఎదురుచూపును ఒక్క మనిషి నెత్తిమీద వదిలెయ్యదు.

కూటం ముగిసేముందు పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఏదో ఒకటి పాడతాం. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన మనిషాయన. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, అయినవాళ్ళకు దూరమై, ఆ దుఃఖాన్నీ ఆనందాన్నీ మన రాగాల్లో, మన తాళాల్లో కట్టి మనకిచ్చిపోయారు. పెట్టెల్లేవు, పీటల్లేవు; చాపమీద కూర్చుని పాడితే చాలు. ఏడుపొచ్చిన చోట గొంతు ఆగుతుంది, అప్పుడు పక్కావిడ అందుకుంటుంది. పాట మాత్రం ఆగదు.

మా ఇంట్లో నెలాఖరు ఇంకా ఇరవయ్యో తారీఖునే వస్తోంది. అయితే ఇప్పుడు దానికి భయపడి తలుపు వెయ్యడం లేదు. బియ్యం కొలిచేటప్పుడు మా చిన్నది పక్కన నిలబడి, "అమ్మా, పిడికిలి బాగా బిగించకు, కాస్త వదులుగా పట్టు. ఎక్కువ బియ్యం పడతాయి" అంటుంది.