ఫోర్ ఎక్సెల్ చలికాలం

హైదరాబాద్‌లో కూడా చలేనా అని ఢిల్లీ ఫ్రెండ్స్ నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్లెవరూ డిసెంబర్‌లో పొద్దున అయిదున్నరకి హిమాయత్‌సాగర్ వైపు సైకిల్ తొక్కలేదు. సైకిల్ ఎక్కినవాడు తన గాలి తానే పుట్టించుకుంటాడు. బయట 10 డిగ్రీలున్నప్పుడు గంటకి 25 కిలోమీటర్ల గాలి తగిలితే, విండ్ చిల్ లెక్క ప్రకారం ఒంటికి అది దాదాపు 7 డిగ్రీల్లా ఉంటుంది. పేపర్లో సిటీ కనిష్ఠ ఉష్ణోగ్రతల లిస్టులో రాజేంద్రనగర్ పేరు తరచూ అట్టడుగున కనిపిస్తుంది కదా, నా రూటు సరిగ్గా దాని మీదుగానే.

నా బరువు 116 కిలోలు. ఛాతీ 50 అంగుళాలు, నడుము 46. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే గొడవంతా ఈ అంకెలతోనే.

మాది లాల్ దర్వాజా. ఆఫీసు గచ్చిబౌలి. ఏడున్నర దాటితే శాలిబండ నుంచి చార్మినార్ దాకా సైకిల్ కాదు కదా, మనిషి పట్టే సందు కూడా ఉండదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తొమ్మిది. అంటే తొక్కితే తెల్లవారుజామునే తొక్కాలి. మా నాన్నకి 35 ఏళ్లకే షుగర్ మొదలైంది. పోయినేడాది నా హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్, 6.2 వచ్చింది. 6.5 చేరితే షుగరే. "వాకింగో జాగింగో చెయ్" అంటారు అందరూ. జాగింగ్ చేస్తే నా మోకాళ్లు రెండో రోజే చేతులెత్తేస్తాయి. సైకిల్ మీదయితే బరువు సీటు మోస్తుంది కాబట్టి గంటన్నర హాయిగా తొక్కగలను. ఫిబ్రవరి నుంచి అక్టోబర్ దాకా బాగానే సాగుతుంది. చలి రాగానే జలుబు, దగ్గు, రెండు నెలలు సైకిల్ గోడకి. ఈసారి అలా కాకూడదనుకున్నా. పైగా జనవరిలో 200 కిలోమీటర్ల బ్రెవే రైడ్‌కి పేరిచ్చేశా. పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. చీకట్లోనే స్టార్ట్.

సరే, బట్టలు కొందామని బయల్దేరా.

మాల్‌లోని ఒక స్పోర్ట్స్ షాపులో నేను హ్యాంగర్ ముట్టుకోకముందే సేల్స్ కుర్రాడు "సర్, మీ సైజ్ రాదు" అన్నాడు. పాపం, వాడి తప్పేం లేదు, నిజమే చెప్పాడు. ఆన్‌లైన్‌లో నేను చూసిన సైకిల్ జాకెట్లలో చాలావాటికి డబుల్ ఎక్సెల్ అంటే ఛాతీ 44 అంగుళాలు. అంతటితో చార్ట్ అయిపోతుంది. రేసు తొక్కే సన్నటి ఒళ్లని మనసులో పెట్టుకుని కత్తిరించిన బట్టలవి. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ వాళ్లది ఒక బ్రాండ్ ఉంది, పేరే 'ఫ్యాట్ ల్యాడ్ ఎట్ ది బ్యాక్'. అందరికంటే వెనకాల వచ్చే లావు పిల్లగాడు అని. పేరు చూడగానే నన్నెవరో పిలిచినట్టే అనిపించింది. లావుగా ఉన్న సైక్లిస్టుల కోసమే బట్టలు కుడతారు వాళ్లు. కానీ షిప్పింగు, కస్టమ్స్ కలిపి చూసుకుంటే నా సెకండ్ హ్యాండ్ సైకిల్ రేటుకి దగ్గరపడింది. అదీగాక యార్క్‌షైర్ చలి వేరు, మన చలి వేరు. మనకి అయిదున్నరకి 12 డిగ్రీలున్నా, తొమ్మిదికల్లా ఎండెక్కుతుంది. లోపల బొచ్చున్న జాకెట్ వేసుకుని పోతే తిరుగు ప్రయాణంలో ఉడికిపోవడమే. మనకి కావాల్సింది పల్చగా ఉండి గాలి ఆపేది, ఎండ రాగానే మడిచి జేబులో పెట్టుకునేది.

ఇక మామూలు జాకెట్లలో ఫోర్ ఎక్సెల్ దొరుకుతుంది. తెప్పించా. చేతులు వేళ్లు దాటి వేలాడుతున్నాయి, భుజాలు మోచేతుల వైపు జారిపోతున్నాయి, కానీ పొట్ట దగ్గర జిప్ మాత్రం కలవట్లేదు. రెడీమేడ్ లెక్కేంటంటే, ఛాతీ పెరిగితే చేతులూ భుజాలూ కూడా పెరుగుతాయని. అలా అయితే నేను ఆరడుగుల నాలుగంగుళాలు ఉండాలి. నేను అయిదడుగుల ఏడు. హ్యాండిల్ పట్టుకుని వంగితే జాకెట్ వెనక పైకి లేచిపోయి, నడుము మీద నాలుగు వేళ్ల మందం చర్మం బయటికి. ఆ ఒక్క పట్టీ మీద చల్లగాలి కొడుతుంటే ఎలా ఉంటుందో చెప్పను. వెనకాల వచ్చే బైకు వాళ్ల సంగతి అసలు చెప్పను.

ఏటా చలికాలం టిబెటన్లు పెట్టే స్వెటర్ల దుకాణాల్లో నా సైజు దొరికింది, మర్యాద కూడా దొరికింది. కానీ ఉన్ని అల్లికలోంచి గాలి నేరుగా లోపలికొస్తుంది. కాటన్ థర్మల్ ఇంకా ఘోరం. మనం తొక్కేటప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో పెడల్‌కి చేరేది పావు వంతు లోపే, మిగతాదంతా వేడి. నాలాంటి బరువున్నవాడు చిన్న ఎత్తు ఎక్కినా ఇంకో మనిషిని మోసినట్టే కాబట్టి ఆ వేడి ఇంకా ఎక్కువ. కాటన్ ఆ చెమటంతా పీల్చి దాచుకుంటుంది. దిగుడు రాగానే తడిబట్ట మీద చల్లగాలి. లావుగా ఉన్నవాళ్లకి చలెయ్యదు అనే పెద్దమనుషులు ఒక్కసారి ఆ దిగుడు దిగి చూడాలి.

పాతకాలం టూర్ డి ఫ్రాన్స్ రైడర్లు కొండ పైన న్యూస్‌పేపర్ తీసుకుని జెర్సీలో దోపుకుని దిగేవాళ్లట. నేనూ ఆదివారం పేపర్ దోపుకుని చూశా. అబద్ధమెందుకు, భేషుగ్గా పనిచేసింది. కాకపోతే పెడల్ తొక్కినప్పుడల్లా కరకర చప్పుడు, ఇంటికొచ్చి చూస్తే బనియన్ నిండా సిరా. "పేపర్ చదువుమంటె కడుపుల పెట్టుకుంటవేందిరా" అని అమ్మ. కానీ దాంతో ఒక విషయం తేలింది. నాకు కావాల్సింది బరువైన జాకెట్ కాదు. ముందు వైపు గాలి ఆపే ఒక్క పొర, వెనక వైపు చెమట పోయే దారి. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది పత్తర్‌గట్టి. మా ఇంటి నుంచి సైకిల్ మీద పది నిమిషాలు. షేర్వానీలకి పేరుపడ్డ బజారు. షేర్వానీ అంటే ఒంటికి అతుక్కుని ఉండాలి, మెడ దగ్గర సందు ఉండకూడదు, వేసుకున్నవాడు ఎంత లావైనా గుండీ లాగినట్టు కనిపించకూడదు. నాకు కావాల్సింది కూడా దాదాపు అదే కదా! వెనక సందులో ఒక చాచా దగ్గరికి పోయి ఫోన్‌లో జాకెట్ ఫొటో చూపించా. ఆయన ఫొటో చూడలేదు, నన్ను చూశారు. "సైకిల్ కిధర్ హై?" అన్నారు.

ఇంట్లో ఉంది చాచా అన్నా.

"లేకే ఆ మియా. ఖడే ఆద్మీ కా నాప్ లేకే మై క్యా కరూఁ?"

నిలబడ్డ మనిషి కొలతతో నాకేం పని అని! మాల్‌లో ఎవరికీ తట్టనిది ఈయనకి అర నిమిషంలో తట్టింది. మర్నాడు సైకిల్ తీసుకెళ్లా. సందులోనే, గోడకి చెయ్యి ఆనించి సైకిల్ ఎక్కి హ్యాండిల్ మీదికి వంగా. చాచా టేపు పట్టారు. మెడ ఎముక నుంచి నడుము కింది దాకా నిలబడితే 31, వంగితే 35. ముందు వైపు దానికి ఉల్టా, వంగితే మూడంగుళాలు తగ్గింది. ఆయన అంకెలు అరుస్తుంటే కుర్రాడు రాసుకుంటున్నాడు. "సీనా పచాస్! పేట్ బావన్!" సందంతా వినిపించేలా. ఒక్కరూ తల తిప్పలేదు. అక్కడ యాభై అనేది కొలత, అంతే. ట్రయల్ రూమ్ అద్దం ముందు నాకెప్పుడూ దొరకని హాయి అది.

గుడ్డ నేనే తెచ్చా. ముందు భాగానికి, చేతుల పైవైపుకి ప్యారాచూట్ క్లాత్. వీపుకి, చంకల కింద స్పోర్ట్స్ టీషర్టుల గుడ్డ, చెమట పోవడానికి. వెనక నాలుగంగుళాలు పొడుగు, దాని అంచుకి ఎలాస్టిక్. ముందు పొట్టి. చంకలో పలకగా ఒక ముక్క వేశారు, చౌబగ్లా అంటారట, కుర్తాలకి వేసేది. దానివల్ల చేతులు ముందుకి చాపినా జాకెట్ మొత్తం పైకి లేవదు. కాలర్ మాత్రం అచ్చం షేర్వానీ బంద్‌గలా. మొదటిసారి వేసుకుంటే గొంతు పట్టేసింది. "వంగినప్పుడు మెడ లావవుతుందే" అని ఆయనే గొణుక్కుని, విప్పి, అర అంగుళం వదిలారు.

లెగ్గింగ్స్‌కి ఇంకో వైద్యం. తొడలు లావుగా ఉన్నవాళ్లకి తెలుసు, నాలుగు కుట్లు ఒకేచోట కలిసే దగ్గర రాపిడికి చర్మం ఎలా లేచిపోతుందో. పైజామాల్లో ఆ చోట మియానీ అని ఒక ముక్క వేస్తారు, దాంతో కుట్లు పక్కకి పోతాయి. రెడీమేడ్ లెగ్గింగ్స్ విప్పి మియానీ వేయించారు చాచా. సాగే గుడ్డకి ఓవర్‌లాక్ మిషన్ కావాలని పక్క షాపుకి పంపి మరీ. మోకాళ్ల ముందు ఒక పొర ప్యారాచూట్ క్లాత్ ఎక్స్‌ట్రా.

చివరికి రైడ్ నిబంధనల ప్రకారం చీకట్లో తప్పనిసరిగా వేసుకోవాల్సిన రిఫ్లెక్టివ్ వెస్ట్. ప్యాకెట్ మీద 'ఫ్రీ సైజ్' అని ఉంటుంది. ఎవరికి ఫ్రీయో ఆ దేవుడికే తెలియాలి. దాన్ని రెండు పక్కలా కోసి నాడాలు పెట్టారు. ఇప్పుడు నాక్కూడా ఫ్రీయే. గుడ్డ, జిప్, కుట్టుకూలి, రేడియం పట్టీలు అన్నీ కలిపి పదిహేను వందల్లోపు.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. ప్యారాచూట్ క్లాత్ ఎదురుగాలికి పటపటమంటుంది. వాటర్‌ప్రూఫ్ కాదు. రెండోసారి ఉతికాక ఒకచోట కుట్టు విడితే మళ్లీ వేయించా. గ్లవ్స్ సమస్య ఇప్పటికీ తీరలేదు, బొటనవేలు పట్టే జత ఇంకా వెతుకుతూనే ఉన్నా. కానీ డిసెంబర్ మొత్తంలో ఇరవై రెండు రోజులు తొక్కా, దగ్గు రాలేదు. ఎండ రాగానే విప్పి, మడిచి, వెనక జేబులో పెట్టుకుంటే చపాతీ అంత ఉంటుంది. తిరుగుదారిలో నిమ్రాలో చాయ్ తాగుతుంటే పక్క టేబుల్ పెద్దాయన కాలర్ చూసి "షాదీ హై క్యా?" అనడిగారు. ఉస్మానియా బిస్కెట్ నోట్లో ఉండి తల మాత్రం ఊపా.

షుగర్ టెస్టు ఫిబ్రవరిలో. రైడ్ అంతకంటే ముందే.

మా టీమ్‌లో ఒకమ్మాయి కూడా సైకిల్ తొక్కుతుంది. లేడీస్ సైజులు ఇంకా అన్యాయమంది. ఎక్సెల్ అని రాసి ఉంటుంది, భుజం దగ్గరే ఇరుక్కుంటుందట. నా జాకెట్ తిప్పి తిప్పి చూసి చాచా అడ్రస్ అడిగింది. చాచాని కనుక్కుంటే, లేడీస్ కొలతలు తన కోడలు తీస్తుందన్నారు, లోపలి గదిలో సైకిల్‌కి జాగా చేస్తామన్నారు కూడా. గురువారం ఆటోలో సైకిల్ వేసుకుని వస్తానంది. ఆ సందులోకి ఆటో రాదని ఆమెకి ఇంకా చెప్పాలి.