కోనసీమ: నది తెచ్చిన నేల

మహారాష్ట్రలోని త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రాన్ని చేరుతుంది. ధవళేశ్వరం దాటాక అది గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి, వశిష్ఠల నడుమ, బంగాళాఖాతం హద్దుగా ఏర్పడిన మూడు మూలల నేలే కోనసీమ. వేల ఏళ్లుగా నది మోసుకొచ్చి పరచిన ఒండ్రుమట్టి ఇది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయింది.

రావులపాలెం వద్ద జాతీయ రహదారిని విడిచి మేము కొత్తపేట దారి పట్టాము. ఒకవైపు అరటి తోటలు, మరోవైపు వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. అమలాపురం దాటి అంబాజీపేట చేరితే ఎటు చూసినా కొబ్బరికాయల రాశులే. కాయ, కురిడీ, పీచు, ఆకు, చివరకు చిప్ప కూడా ఎవరో ఒకరికి జీవనోపాధి. దైవం ఒక్క చెట్టులో ఇన్ని అనుగ్రహాలు ఉంచాడు కదా అనిపించింది.

అయితే ఈ పచ్చదనమంతా దానంతట అది రాలేదు. ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ 1852 నాటికి పూర్తిచేయించాడు. వైనతేయకు ఆవల ఉన్న రాజోలు ప్రాంతానికి నీరు చేరాలంటే కాలువ నదిని దాటాలి. అందుకే గన్నవరం వద్ద నది మీదుగా 49 కమానులతో అక్విడక్టు కట్టారు. కింద నది, పైన కాలువ! పాతది శిథిలమయ్యాక దాని స్థానంలో నిర్మించిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆ లంకల గన్నవరంలోనే ఆమె ఆకలితో వచ్చినవారికి కులమతాలు అడగకుండా అన్నం పెట్టింది. నీరు తెచ్చిన కట్టడానికి అన్నం పెట్టిన తల్లి పేరు తగినదే.

వైనతేయకు ఆవలి గడ్డ మీద మరో సంపద ఉంది. అది నేల అడుగున ఉన్న సహజవాయువు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో రేగిన మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాసు గొట్టం పగిలి, మంటల్లో 20 మందికి పైగా మరణించారు. గొట్టం తుప్పు పట్టిన సంగతి ప్రమాదం తర్వాత గానీ లోకానికి తెలియలేదు.

చేలకూ ఇలాంటి నిర్లక్ష్యమే శాపమైంది. పల్లపు నేలలో నీరు పారించడం ఎంత ముఖ్యమో, మిగులు నీటిని సముద్రంలోకి పంపడమూ అంతే ముఖ్యం. మురుగు కాలువలు పూడిపోయి సార్వా పంట మునుగుతుంటే, గిట్టుబాటు ధర కూడా దక్కక, 2011లో ఇక్కడి రైతులు వేలాది ఎకరాలలో నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. అంతకుముందు 1996 నవంబరు 6 నాటి తుపాను వందలాది ప్రాణాలను బలిగొని, తరాల నాటి తోటలను ఒక్క రాత్రిలో నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇల్లు గడిచేదెలా?

ఈ ప్రశ్నకు ఎన్నో కుటుంబాలు వెదుక్కున్న జవాబు గల్ఫ్. రాజోలు, అమలాపురం పరిసరాలలో కువైట్‌కో, దుబాయ్‌కో, ఖతర్‌కో ఎవరూ వెళ్లని వీధి అరుదు. మగవారు డ్రైవర్లుగా, ఆడవారు ఇళ్లలో పనిమనుషులుగా వెళతారు. పరాయి బిడ్డను లాలించే తల్లి తన బిడ్డను ఫోనులో చూసుకుంటుంది. ఇక్కడ అమ్మమ్మ చేతి ముద్దతో ఆ బిడ్డ పెరుగుతాడు. గ్యాసు ఉన్న గడ్డ మీద పుట్టినవారే చమురు దేశాలకు కూలికి వెళ్లడం మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది.

సాయంత్రానికి అంతర్వేది చేరాము. వశిష్ఠ అక్కడే సముద్రంలో కలుస్తుంది. నది తాను తెచ్చిందంతా ఈ నేలకు ఇచ్చి వెళ్లిపోతోంది. దానిని కాపాడవలసింది మనుషులే. కాలువలో పూడిక తీయడం, గొట్టాన్ని వేళకు పరీక్షించడం, పండించినవాడికి ధర దక్కేలా చూడడం చిన్న పనులుగా కనిపించవచ్చు. కానీ సంపద అమానతు అయితే, దాని లెక్క అడిగేది ఈ చిన్న పనుల గురించే.