ఎంత వంగాలో తెలిసిన కర్ర

షెడ్డు తలుపు తియ్యగానే శొంఠి వాసన గుప్పుమంది. మా ఇంట్లో బాలింతలకి కాయం దంచే రోజున పెరటిదాకా ఇలాంటి వాసనే వచ్చేది. ఇక్కడ శొంఠి ఎవరు దంచుతున్నారా అని చుట్టూ చూశాను. గోడల పొడుగునా ఆరబెట్టిన పలకలు, కింద మడమ మునిగేంత రంపపు పొట్టు, కిటికీ దగ్గర ఒక బల్ల. వాసన ఆ పొట్టుదే.

ఒరెగాన్ రాష్ట్రం నైరుతి మూల, కోక్వీల్ నదికి దగ్గర్లో ఉంది ఆ చిన్న కార్ఖానా. బాణాలకి కావలసిన కాడలు తప్ప ఇంకేమీ చెయ్యరు. కర్ర పేరు పోర్ట్ ఆర్ఫర్డ్ సీడర్. పేరులో సీడర్ ఉందన్న మాటే గానీ మన హిమాలయ దేవదారుకి దగ్గరి చుట్టం కాదు, సైప్రస్ కుటుంబానిది. ఈ తీరంలో కొంత మేరా, ఆనుకునే ఉన్న కాలిఫోర్నియా వాయవ్యంలో కొంత మేరా తప్ప అడవిలో తనంత తానుగా ఇంకెక్కడా పెరగదు. అమెరికాలో చెక్క బాణం వేసేవాళ్ళు ముందు అడిగేది దీన్నే.

నన్ను తీసుకెళ్ళింది మా మేనల్లుడు. హిల్స్‌బరోలో ఉద్యోగం. రెండేళ్ళ కిందట రికర్వ్ విల్లు కొన్నాడు. చక్రాలు, గిలకలు ఏమీ ఉండవు. కొసలు మాత్రం ముందుకి వంపు తిరిగి ఉంటాయి. దాంతో జింక వేటకి వెళ్తాడు. పోయిన ఏడాది లైసెన్సు తీసుకుని వారం రోజులు అడవిలో తిరిగి ఉత్త చేతులతో వచ్చాడట. మా అక్కకి ఈ వేట సంగతి తెలీదు. "ఆర్చరీ" అన్నాడు కాబట్టి మన ధీరజ్ బొమ్మదేవరలాగా ఒలింపిక్స్‌కి తయారవుతున్నాడనుకుంటోంది. ధీరజ్ చేతిలోదీ రికర్వే. కాకపోతే అక్కడ గురి 70 మీటర్ల దూరంలో ఉంటుంది, బాణాలు పుల్లల్లా సన్నటి కార్బన్‌వి. వీడు ఇరవై గజాలు దాటితే బాణం వదలనని ఒట్టు పెట్టుకున్నాడు. గాయపడి పారిపోయిన జంతువు ఆ రాత్రంతా అడవిలో ఎక్కడ పడి ఉంటుందో ఊహించుకుంటే నిద్ర పట్టదన్నాడు. ఆ మాట విన్నాకే నేను కారెక్కాను.

ఇంట్లో బయల్దేరి నాలుగు గంటలకి పైనే ప్రయాణం. రోజ్‌బర్గ్ దాటి పడమటికి తిరిగాక రోడ్డు కొండల మధ్య మెలికలు తిరుగుతుంది. దారిలో ఇషీ కథ చెప్పాడు వాడు. యాహీ తెగలో ఆఖరివాడిగా మిగిలి, 1911లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర బయటి లోకానికి కనిపించాడు ఇషీ. శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉండగా అతనికి వైద్యం చేసిన డాక్టర్ సాక్స్టన్ పోప్, అతని దగ్గరే విల్లు పట్టడం నేర్చుకున్నాడు. 1916లో ఇషీ పోయాడు. పోప్ 1923లో వేట విద్య మీద పుస్తకం రాశాడు. ఈనాడు ఇక్కడ సంప్రదాయ విల్లుతో వేటాడేవాళ్ళు ఆ పుస్తకం దగ్గరే తమ పరంపర మొదలు పెట్టుకుంటారు. ఒక జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోయాక, దాని విద్య ఇంకొకరికి వారాంతపు సరదా అయింది. మా వాడు అది చెప్పి కాసేపు మాట్లాడలేదు.

కార్ఖానా యజమానురాలికి డెబ్బై దగ్గర పడి ఉంటాయి. లోపలికి రానిచ్చే ముందు మా బూట్ల అడుగులు చూసింది. అడవి బురద అంటుకుని ఉంటే గుమ్మం బయటే బ్రష్షుతో రుద్ది కడుక్కోవాలి. మా వాడు కిందటి వారం కొండెక్కాడు కాబట్టి కడుక్కోక తప్పలేదు. ఈ చెట్టుకి వేరుకుళ్ళు తెగులు ఉంది. 1920లలో సియాటిల్ వైపు నర్సరీల్లో బయటపడి, 1952కల్లా ఇక్కడి అడవికి చేరింది. నీళ్ళలో ఈదే బీజాలు దానివి. టైర్ల బురదలోనో, బూట్ల బురదలోనో ఎక్కి ఒక వాగు నుంచి ఇంకో వాగుకి పోతాయి. వేళ్ళు పోతే చెట్టు నిలబడి ఉండగానే ఎండిపోతుంది. అయినా కలప మాత్రం ఏళ్ళ తరబడి పుచ్చదు. ఈవిడ కోసేది చాలా మటుకు అలా చచ్చినవీ, పడిపోయినవే. మేము దాటొచ్చిన కాటేజ్ గ్రోవ్ ఊరికి దగ్గర్లోనే అటవీశాఖ వాళ్ళు తెగులుని తట్టుకునే మొక్కలు పెంచుతున్నారు. "అవి పెరిగి కాడలయ్యేనాటికి నేనుండను లెండి" అంది మామూలుగా.

మా వాడు సంచీలోంచి మూడు బాణాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి కార్బన్, ఒకటి అల్యూమినియం, ఒకటి ఎక్కడో కొన్న చెక్కది. ఏది మంచిదని అడుగుతాడనుకున్నాను. ఆవిడ అడగనివ్వలేదు.

"మీ విల్లు బరువెంత?"

"50 పౌండ్లు."

"అది విల్లు మీద రాసింది. మీ చేతికొచ్చేది?"

విల్లు మీద రాసిన 50, నారిని 28 అంగుళాలు లాగితే వచ్చే లెక్క. వీడు లాగేది 27. తూనిక కొక్కేనికి తగిలించి లాగి చూస్తే 48 దగ్గర ఆగింది. ఒరెగాన్ చట్టం జింకకి కనీసం 40 పౌండ్ల విల్లు, ఎల్క్‌కి 50 ఉండాలంటుంది. మనవాడి లక్ష్యం జింకే కాబట్టి బాధ లేదు.

తర్వాత ఒక కట్టలోంచి ఓ పాతిక కాడలు నా ముందు పోసి, "వీటిలో బాగున్నది తియ్యండి" అంది. ఒక కన్ను మూసి ఒక్కొక్కటే కిటికీ వైపు ఎత్తి చూశాను. ముడి లేనిది, గీత గీసినట్టున్నది ఒకటి దొరికింది. గర్వంగా అందించాను.

బల్లమీద పనిముట్టు ఒకటుంది. 26 అంగుళాల ఎడంలో రెండు గూటాలు, పక్కన ముల్లున్న డయలు. నేనిచ్చిన కాడని గూటాల మీద పెట్టింది. పెట్టే ముందు కొస చూసి, వలయాల గీతలు సన్నగా వరసగా కనిపించే పక్క పైకొచ్చేలా తిప్పింది. విల్లుకి ఆనుకోవలసిన పక్క అదేనట. నడిమధ్య రెండు పౌండ్ల గుండు తగిలించింది. కాడ కొద్దిగా కుంగింది, ముల్లు కదిలింది. 26ని ఆ కుంగిన అంగుళాలతో భాగిస్తే వచ్చేదే దాని అంకె, అది ఎన్ని పౌండ్ల విల్లుకి సరిపోతుందో చెప్పేది. అర అంగుళం కుంగితే 52. నాది 0.4 దగ్గర ఆగిపోయింది. అంటే 65.

"చూడచక్కగా ఉంది. మీ అబ్బాయి విల్లుకి మాత్రం పనికిరాదు" అంది.

దీన్ని స్పైన్ అంటారు. ఇది అర్థమయ్యాక ఆ రోజు చూసినవన్నీ ఒక దారిలో పడ్డాయి. నారి వదలగానే అది విల్లు మధ్యకి దూసుకొస్తుంది. బాణం విల్లుకి పక్కగా ఆని ఉంది. వెనకనుంచి తోపు, ముందు విల్లు అడ్డం. అందుకని కాడ చేపలా ఒళ్ళు వంచి, విల్లుని చుట్టుకుని బయటపడి, అటూ ఇటూ ఊగుతూ పోయి కుదుటపడుతుంది. 1930లలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో ఇదంతా పట్టి చూపించాడు. మరీ బిరుసుదైతే వంగక పక్కకి తన్నుకుపోతుంది. మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి ఇంకో పక్కకి పోతుంది. రాముడి బాణమని క్యాలెండర్లలో గీసిన ఆ తిన్నటి గీతనే ఇన్నాళ్ళూ నమ్మినవాణ్ణి నేను.

ఇక బల్లమీది ఆ మూడింటి సంగతి. అల్యూమినియం గొట్టం మీద 2016 అని ఉంటే అది సంవత్సరం కాదు. అంగుళంలో 64వ వంతులు 20 దాని లావు, వెయ్యో వంతులు 16 దాని గోడ మందం. జేమ్స్ ఈస్టన్ 1922లో చెక్క బాణాలతోనే వ్యాపారం మొదలుపెట్టి, చెక్క ఒక్కోటి ఒక్కోలా ఉంటోందని విసిగి, 1939లో అల్యూమినియంకి వచ్చాడు. డజను కొంటే డజనూ ఒక్కలాగే ఉంటాయి. రాయికి తగిలి వంగితే మాత్రం వంగినట్టే ఉండిపోతుంది. కార్బన్ వంగి ఉండిపోదు. అయితే నిటారు, కాకపోతే బద్దలు. వేసే ముందు ప్రతిసారీ చెవి దగ్గర పెట్టి వంచి, చిటపటమంటుందేమో వినాలి. వినిపిస్తే పారెయ్యాలి; చెయ్యి చీల్చేస్తుంది. పైగా తేలిక. రికర్వ్ వేటగాళ్ళకి బరువు కావాలి కాబట్టి ముందు భాగంలో ఇత్తడి ముక్క దూర్చి బరువు పెంచుతారు.

ఇక్కడ బాణం తూచేది గ్రెయిన్లలో. విల్లు లాగే ప్రతి పౌండుకీ పది గ్రెయిన్లుండాలని పాతకాపులు చెప్పే లెక్క. మావాడికి 480 అన్నమాట. నాకా అంకె తలకెక్కలేదు గానీ, 1833లో బ్రిటిష్‌వాళ్ళు స్థిరపరిచిన తులం 180 గ్రెయిన్లని గుర్తొచ్చింది. రెండున్నర తులాల పైచిలుకు. అక్క చేతి గాజులంత బరువు జింక పక్కటెముకల మధ్య నుంచి దూసుకుపోవాలి.

ఆవిడ చెక్కే కొనమంటుందనుకున్నాను. "నెలకి రెండుసార్లు విల్లు పట్టేవాళ్ళయితే అల్యూమినియం కొనుక్కోండి. చెక్క తేమ పీలుస్తుంది, వంకర తిరుగుతుంది, అరచేత్తో మళ్ళీ సరిచెయ్యాలి. రోజూ చేతిలోకి తీసుకుంటేనే ఇది మాట వింటుంది" అంది. మావాడు రోజూ పొద్దున్నే పెరట్లో ఇరవై బాణాలు వేస్తాడని నేనే సాక్ష్యం చెప్పాల్సొచ్చింది.

50-55 కట్ట తీసింది. ఆ రెండంకెల మధ్య తేడా ఎంతా అంటే కుంగడంలో మిల్లీమీటరుకి కొంచెం పైన, అంతే. అందులోంచి మళ్ళీ తూచి, పది గ్రెయిన్లకి మించి తేడా రాకుండా పన్నెండు ఏరింది. పది గ్రెయిన్లంటే గుప్పెడు కూడా కాదు, పాతిక బియ్యపు గింజలు.

వెనక గడ్డి కట్టల ముందు పరీక్ష. ముందు ఈకలున్న బాణం, తర్వాత ఈకలు లేని ఒట్టి కాడ. ఈకలుంటే తప్పుని సరిదిద్దేస్తాయి కాబట్టి నిజం తెలియాలంటే ఒట్టి కాడే వెయ్యాలట. పదిహేను గజాల నుంచి వేస్తే అది జానెడు ఎడమకి దిగింది. కుడిచేతివాటం వాడికి ఎడమకి పోయిందంటే బిరుసు ఎక్కువన్నమాట.

"ఇంకొంచెం మెత్తటివి ఇస్తారా?" అన్నాడు మావాడు.

"వేటలో ములికి ఎంతది పెడతారు?"

"160 గ్రెయిన్లది."

"ఇప్పుడున్నది 125. అదీ సంగతి."

దీపం మంట మీద ములికి వేడిచేసి, జిగురు కరగగానే పట్టకారుతో లాగేసి, 160ది ఎక్కించి నీళ్ళలో చల్లార్చింది. ముందు బరువు పెరిగితే కాడ ఎక్కువ వంగుతుంది. ఈసారి ఒట్టి కాడ వెళ్ళి ఈకల బాణం పక్కనే, రెండు వేళ్ళ ఎడంలో దిగింది. "మావయ్యా, చూశావా!" అని అరిచాడు వాడు. ముప్పై రెండేళ్ళవాడు.

నాకో సందేహం మిగిలింది. సంస్కృతంలో శరమంటే రెల్లు, శరమంటే బాణం. మన దగ్గర వెదురు కాడలతోనూ బాణాలు చేస్తారు. ఇవేవీ మాను కోసి తీసిన నిండు చెక్క కావు. అలాంటప్పుడు నిండు చెక్కే సంప్రదాయమెలా అయింది? అడిగాను. ఆవిడ భుజాలెగరేసి, "మాకు ఈ చెట్టు ఉంది" అంది.

డబ్బు కట్టి బయల్దేరుతుంటే నేనేరిన 65 పౌండ్ల కాడని నా చేతిలో పెట్టింది, ఊరికే. మావాడు దాన్ని పెరట్లో టమాటా మొక్కకి ఊతంగా పాతాడు. నేనున్న నెల రోజులూ నీళ్ళు పోసే పని నాదే. తడిసినప్పుడల్లా మొదట్లో శొంఠి వాసన వచ్చేది. అక్క వీడియో కాల్‌లో చూసి, "ఆ కర్రేంట్రా, అంత నున్నగా ఉంది?" అంది. ఆర్చరీది అని చెప్పాడు వాడు, నావైపు చూడకుండా.