అమ్మ దగ్గు

అక్టోబరు 1న జేన్ గుడాల్ పోయారు. తొంభై ఒక్క ఏళ్ళు. ఆ వారమే మేడం నన్ను పిలిచి, "నువ్వు గోంబే చూసొచ్చావు కదమ్మా, గోడపత్రికకు రాసియ్యి" అన్నారు. చింపాంజీల గురించి రాద్దామని కూర్చుంటే నాకు అమ్మ దగ్గే ముందు గుర్తొస్తోంది.

మా బాబాయికి దారెస్సలాంలో ఉద్యోగం. పోయిన మే సెలవుల్లో అమ్మనూ నన్నూ రప్పించుకున్నాడు. అమ్మ మద్రాసులో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. ఎప్పుడో నైట్ డ్యూటీలో ఏదో పాత పత్రికలో ఒక ఫొటో చూసిందట. చింపాంజీ పిల్ల చెయ్యి చాపితే, జేన్ కూడా చెయ్యి చాపుతున్న ఫొటో. "అక్కడికొకసారి పోవాలే" అంటుండేది. మేమెవరం చెవిన పెట్టలేదు. బాబాయి పెట్టాడు.

దారెస్సలాం నుంచి కిగోమా వరకు విమానం. అక్కణ్ణించి గోంబేకు రోడ్డు లేదు, టాంగన్యీకా సరస్సు మీద పడవలో పోవాల్సిందే. సరస్సంటే మన పులికాట్‌లా ఉంటుందనుకున్నాను. లోతు దాదాపు ఒకటిన్నర కిలోమీటరట! అవతలి గట్టున కాంగో కొండలు మసగ్గా కనిపిస్తాయి. దారిలో ఒడ్డు పొడుగునా ఇసుక మీద చిన్న చేపలు ఆరబోసి ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే అచ్చం మన నెత్తళ్ళ వాసన. పడవలో గాలి బాగా కొట్టింది. ఆ రాత్రే అమ్మకు దగ్గు పట్టుకుంది.

పొద్దున గైడు అందరికీ మాస్కులిచ్చి, "జలుబు, దగ్గు, జ్వరం ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగాడు. నేను కిందనుంచి అమ్మ చెయ్యి గట్టిగా నొక్కాను. చెప్పొద్దు అని. ఈ సంగతి బాబాయికి ఇప్పటికీ తెలీదు. అంత దూరం వచ్చాం, ఒక్కో మనిషికి రోజుకు నూరు డాలర్ల పైన కట్టాడాయన, ఇంక మాస్కు ఉండనే ఉంది కదా అని నా లెక్క.

అమ్మ నా చెయ్యి విడిపించుకుంది. "నాకు రాత్రి నుంచి దగ్గుంది" అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేసింది.

గైడు ముఖం చిన్నబోయింది. "పోలే, మామా" అన్నాడు. స్వాహిలీలో 'అయ్యో, అమ్మా' అని. (మామా అంటే వాళ్ళకు అమ్మ. వేరే రోజైతే నవ్వేదాన్ని.) మన జన్యువులూ వాటివీ సుమారు 98 శాతం ఒకటేనని, అందుకే మన రోగాలు వాటికి ఇట్టే అంటుకుంటాయని, మనకు వచ్చిపోయే జలుబు వాటి ప్రాణం తియ్యగలదని అన్నాడు. 1966లో గోంబేలో పోలియో వచ్చి కొన్ని చచ్చిపోయాయట, కొన్నిటికి కాళ్ళూ చేతులూ పడిపోయాయట. అమ్మ తలూపుతూ వింది. పోలియో వార్డు గురించి ఆమెకు ఒకరు చెప్పాలా!

నేను కోపంతోనే కొండెక్కాను. దారంతా వేళ్ళూ తీగలూ, ఒంటినిండా చెమట. రెండు గంటలు నడిచాక ఎక్కడో అరుపు మొదలైంది. ఒకటి హూ హూ అని ఎత్తుకుంటే లోయంతా అందుకుంది. నా ఒళ్ళు ఝల్లుమంది.

చూసింది ఒక్క గంటే. అంతకు మించి ఉండనివ్వరు. ఒక తల్లి చెట్టు మొదట్లో కూర్చుని పిల్ల వీపు మీద వెంట్రుకలు పాయలు తీసి చూస్తోంది, మా ఇంట్లో ఆదివారం పూట పేలు చూసినట్టే. పిల్ల విసుక్కుని మా వైపు నాలుగడుగులు వేసింది. గైడు మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు. ఈలోగా ఆ తల్లి లేవకుండానే చెయ్యి చాపి, పిల్ల కాలు పట్టుకుని తన వైపు లాక్కుంది. మమ్మల్ని చూడను కూడా లేదు. అప్పుడు నేను తగ్గాను. ఆ నాలుగడుగుల దగ్గర మా అమ్మ దగ్గి ఉంటే?

దిగేటప్పుడు గైడు ఇంకో మాట చెప్పాడు. 1960 జులైలో జేన్ ఇక్కడికొచ్చినప్పుడు ఆమెకు ఇరవై ఆరేళ్ళు. ఒంటరి ఆడపిల్లను అడవిలో ఉండనివ్వమని అప్పటి తెల్ల అధికారులు పట్టుబడితే, తోడుగా వాళ్ళమ్మ వాన్ వచ్చింది. కూతురు కొండెక్కుతుంటే ఆమె ఒడ్డున ఉండి జాలర్లకు మందులిచ్చేదట. జేన్ గురించి నేను స్కూల్లో చదివాను. వాళ్ళమ్మ గురించి ఒక్క ముక్కా లేదు.

కిందికొచ్చేసరికి అమ్మ బస వరండాలో కూర్చుని ఉంది. బబూన్ కోతులు తిండి ఎత్తుకుపోకుండా వరండా చుట్టూ ఇనుప జాలీ కట్టారు. బయట నాలుగు కోతులు కూర్చుని అమ్మనే చూస్తున్నాయి.

"రావే. వీటికి నేనే జూ" అంది.

నేను సారీ చెబుదామనుకున్నాను. ఆమె ఆ సందివ్వలేదు. ఎన్ని ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి, బిడ్డ ఎన్నేళ్ళది, ఎలా లాక్కుంది, ఏ చేత్తో? చెప్పాను. "అట్లా కాదు, చేసి చూపించు" అంది. ఆమె చీలమండ పట్టుకుని నా వైపు లాగాను. నవ్వబోయి దగ్గింది. దగ్గుతూనే, "ఇంకోసారి" అంది.