తపేలాకు అద్దిన రొట్టె

వరి పండే నేలలో రొట్టెను ఒత్తరు, అద్దుతారు. అప్పడాల కర్ర అప్పడాలకో, రాత్రిపూట చపాతీలకో బయటికొస్తుంది గానీ బియ్యప్పిండి రొట్టెకు దానితో పనిలేదు. అది మునివేళ్ల పని. మా విజయవాడ చుట్టుపక్కల తపాళ చెక్క అని పిలుచుకునే కారపు రొట్టె సంగతే నేను చెబుతున్నది. తెలంగాణలో దీన్నే సర్వపిండి అంటారు. చపాతీ మా ఇళ్లలోకి ఎక్కువగా షుగరు డాక్టరు మాట మీద వచ్చింది. ఇది మాత్రం మా పొలాల నుంచే వచ్చింది.

రెండు గ్లాసుల బియ్యప్పిండి తీసుకుంటే గుప్పెడు శనగపప్పో పెసరపప్పో ముందుగా నానబెట్టుకోవాలి. పచ్చిమిర్చి, అల్లం కచ్చాపచ్చాగా దంచాలి. ఉల్లిపాయ సన్నగా తరగాలి, లావు ముక్కలుంటే అద్దేటప్పుడు అక్కడే రొట్టె చిరుగుతుంది. జీలకర్ర, నువ్వులు, తుంచిన కరివేపాకు, ఉప్పు, ఒక చెంచా వెన్న. వాము వేసేవాళ్లూ ఉన్నారు. నాకు జీలకర్రే ఇష్టం, వాము పడితే ఇక నువ్వుల రుచి తెలియదు. జొన్నకు తనదంటూ ఒక రుచి ఉంది కాబట్టి జొన్న రొట్టెలో ఉప్పు వేసినా వెయ్యకపోయినా గడుస్తుంది. బియ్యప్పిండి వట్టి చప్పన. అందుకే ఈ రొట్టెలో కారం పక్కన పెట్టుకునేది కాదు, పిండిలోనే కలిసిపోవాలి.

అసలు కిటుకంతా నీళ్లలో ఉంది. గోధుమపిండిని తడిపి మర్దిస్తే గ్లూటెన్ సాగి పిండిని పట్టి ఉంచుతుంది. బియ్యంలో అది లేదు, ఎంత పిసికినా సాగదు. వేడినీళ్లు పోస్తే మాత్రం పిండిపదార్థం కొంత ఉడికి జిగురొస్తుంది, ఆ జిగురే రొట్టెను నిలబెడుతుంది. మా అమ్మమ్మకు ఈ శాస్త్రం తెలియదు గానీ సంగతి తెలుసు. “ఒక్కసారే గుమ్మరించకమ్మా, చెయ్యి అడిగినంతే పొయ్యి” అనేది. ఏ పుస్తకంలో ఎంత కొలత రాసినా దానికి మించిన కొలత లేదు, ఎందుకంటే పిండి ఏ బియ్యానిదో, ఎన్నాళ్లు నిలవున్నదో, మరలో ఎంత మెత్తగా ఆడిందో చేతికే తెలియాలి.

ఈ బియ్యం మాకు ఊరికే రాలేదు. 1832–33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. కృష్ణ పక్కనే పారుతున్నా ఆ నీరు పొలానికెక్కే దారి లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాక కాలువల వెంట వరి పరుచుకుంది. 1952లో ఆ ఆనకట్టకు గండి పడితే, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఇవాళ సుమారు 13 లక్షల ఎకరాలు దాని నీటి మీద ఆధారపడ్డాయి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. వంతెన దాటుతూ ఆ నీళ్లు చూసినప్పుడల్లా నాకు వంటింటి బియ్యం డబ్బా గుర్తొస్తుంది.

పప్పు కూడా ఆ మడిలోదే. కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా నిలిచి ఉన్న వరిలోనే మినుమో పెసరో చల్లేస్తారు. దున్నేది లేదు, నీరు పెట్టేది లేదు. మట్టిలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో పైరు వచ్చేస్తుంది. ఇప్పుడు కోత మిషన్లు దిగి పొలాన్ని తొక్కుతున్నాయి కాబట్టి కోత అయ్యాక విత్తేవాళ్లు పెరిగారు, కొందరు మొక్కజొన్నకు మళ్లారు. నాకు ఇది బాధగానే ఉంటుంది. ఒకే మడిలో ముందు పండిన బియ్యం, వెనక పండిన మినుములు కలిస్తే దిబ్బ రొట్టె. ముందు పండిన బియ్యం, వెనక పండిన పెసలు కలిస్తే తపాళ చెక్క. శనగపప్పు కంటే పెసరపప్పు వేసిందే మేలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక కాల్చడం. అడుగు మందంగా ఉన్న తపేలా చల్లగా ఉన్నప్పుడే నూనె రాసి, పిండి ముద్దను మధ్యలో పెట్టి, వేళ్లు తడుపుకుంటూ అంచుల దాకా అద్దాలి. ఎంత పల్చగా అద్దితే అంత కరకర. అక్కడక్కడా వేలితో చిల్లులు పెట్టి ఒక్కొక్క దానిలో నాలుగు చుక్కల నూనె వెయ్యాలి, లేకపోతే నడుమ పచ్చిగా ఉండిపోతుంది. మూత పెట్టి సన్న సెగ మీద వదిలేయాలి. తిరగెయ్యక్కర్లేదు. అడుగు ఎర్రగా కాలి, పైన ఆవిరికి మెత్తగా ఉడుకుతుంది. ఈ రెండూ ఒకే ముక్కలో దొరకడమే దీని గొప్ప. పెద్ద మంట పెట్టామా, అడుగు మాడుతుంది, పప్పు ఉడకదు.

రెండో రొట్టెకు చాలామంది తొందరపడతారు. వేడి తపేలాలో అద్దబోతే చెయ్యి కాలుతుంది, పిండి జారిపోతుంది. దాన్ని బోర్లించి వెనకవైపు నీళ్లు పోసి చల్లార్చాలి, లేదా రెండు తపేలాలు పెట్టుకుని మార్చి మార్చి కాల్చాలి. నలుగురున్న ఇంట్లో రెండో పద్ధతే నయం. హోటళ్లలో ఇది అంతగా కనిపించకపోవడానికి కారణం కూడా ఈ ఆలస్యమే అనుకుంటాను. పెనం మీద పెసరట్టు వేసినంత జోరుగా ఇది తెమలదు. వన్‌టౌన్ కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్తే దీనికి కావలసిన సరుకంతా దొరుకుతుంది. తినాలంటే మాత్రం ఇంట్లో ఒకళ్లు పొయ్యి దగ్గర నిలబడాలి.

పొయ్యి మీంచి దించిన వెంటనే వెన్నపూసతో, ఆవకాయతో తింటే బాగుంటుంది. పిల్లలకు పెరుగు చాలు. సంక్రాంతి ముందు కొత్త బియ్యం పిండి వాడితే నీళ్లు బాగా తగ్గించండి, అది ఇట్టే జావైపోతుంది. వీలుంటే ఏడాది నిలవున్న బియ్యాన్నే కడిగి, నీడన ఆరబెట్టి, మరాడించండి.