అంకె తగ్గింది, మాత్ర ఆపవచ్చునా?

హెపటైటిస్-బి క్రిమి కాలేయంలో ఏళ్ళ తరబడి ఉండిపోతే, లోపల వాపు వచ్చి, మానిన పుండు చోట మచ్చ మిగిలినట్లే అక్కడా మచ్చలు పడతాయి. అవి ముదిరితే సిర్రోసిస్. నేను చదువుకునే రోజుల్లో మచ్చ ఎంత ఉందో తెలియాలంటే ప్రక్కటెముకల మధ్య సూది గుచ్చి, కాలేయపు ముక్క తీసి, మైక్రోస్కోపు క్రింద చూడవలసిందే. ఏటేటా అలా గుచ్చించుకునే ధైర్యం ఎవరికుంటుంది?

2003లో ఫ్రాన్సు నుంచి ఫైబ్రోస్కాన్ వచ్చింది. కుడి ప్రక్కటెముకల మీద ఒక పరికరం ఆనించి చిన్నగా తడతారు. జామకాయ పచ్చిదో పండో వేలితో నొక్కి చూసినట్లే! ఆ కదలిక కాలేయంలో ఎంత వేగంగా ప్రయాణిస్తే అది అంత గట్టిపడినట్లు. కొలత కిలోపాస్కల్స్‌లో చెబుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సూచనల ప్రకారం 7 దాటితే చెప్పుకోదగ్గ మచ్చ, 12.5 దాటితే సిర్రోసిస్ అని అనుమానించాలి. పరీక్షకు ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు. ఇడ్లీలు తిని వెళితే అంకె పెరిగి, లేనిపోని బెంగ పట్టుకుంటుంది.

బట్టలకొట్టు గుమాస్తా ఒకాయనకు ఏడాది మందుతో 14 నుంచి 8కి దిగింది. “ఇక మాత్ర ఆపేయనా డాక్టరుగారూ?” అన్నాడు సంబరంగా.

“వద్దు నాయనా” అన్నాను. యంత్రం కొలిచేది గట్టిదనాన్నే గాని మచ్చను కాదు. వాపు వల్ల కూడా కాలేయం గట్టిపడుతుంది. తొలి ఏడాదిలో తగ్గేది చాలావరకు ఆ వాపే. మచ్చ కరగదని కాదు. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో, సిర్రోసిస్ ఉన్న 96 మంది టెనోఫోవిర్ అయిదేళ్ళు వాడాక మళ్ళీ ముక్క తీసి చూస్తే, 71 మందిలో సిర్రోసిస్ కనిపించలేదు. కాని అయిదేళ్ళు! మధ్యలో సొంతంగా మాత్ర మానితే క్రిమి విజృంభించి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

యంత్రం లేని ఊళ్ళో ఏ.ఎస్.టి., ప్లేట్‌లెట్ల రక్తపరీక్షలు చాలు. ఏ.ఎస్.టి. 80 ఉండి, లాబ్‌లో గరిష్ఠ పరిమితి 40 అయితే, అది రెండింతలు. దాన్ని 100తో హెచ్చించి, ప్లేట్‌లెట్లు ఎన్ని వేలో దానితో భాగించాలి. ప్లేట్‌లెట్లు లక్ష ఉంటే జవాబు 2. ఒకటి దాటితేనే సిర్రోసిస్ అనుమానం. మందు వాడుతుంటే ఇదీ వాపుతో పాటే తగ్గుతుంది సుమా.

సిర్రోసిస్ వచ్చినవారు మాత్రం, అంకె ఎంత దిగినా, ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకోవాలి. కాన్సరు భయం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. టెనోఫోవిర్ మాత్రలు, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద, ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులన్నీ పట్టుకు వెళ్ళండి.