కొంగున మూడు ముళ్ళు

మాఘ పౌర్ణమికి హంసలదీవి బయల్దేరేటప్పుడు మా అమ్మ కొంగున మూడు ముళ్ళు వేసుకునేది. మొదటి ముడిలో తిరనాళ్ళ ఖర్చు: మాకు జీళ్ళు, బూరలు, తనకి గాజులు. రెండో ముడి వేణుగోపాలస్వామి హుండీకి. మూడోది తిరుగు బస్సు డబ్బులు. ఆ మూడో ముడిని పంటితో పట్టి లాగి మరీ బిగించేది. ఉప్పుగాలికి, సముద్రస్నానానికి తడిసి ఆరి తడిసి ఆరి అది రాయిలా తయారయ్యేది. చల్లపల్లి సెంటర్లో దిగి ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని, పిన్నీసు మొనతో నెమ్మదిగా విప్పేది. అందులో మిగిలిన చిల్లర ఉప్పు వాసన వేసేది.

మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు దాటి వెళ్ళేవాళ్ళం. పాలకాయతిప్ప దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇసుకలో మూడు ఇటుకలు పెట్టి అమ్మావాళ్ళు అన్నం వండేవాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, గోంగూర పచ్చడి ఉండనే ఉండేవి. రాత్రంతా తిరనాళ్ళ దీపాలు, ఎక్కడో మైకులో నాటకం, వెన్నెల్లో తెల్లగా అలలు. ఆ రాత్రి ఎవరూ పడుకునేవాళ్ళు కాదు. సముద్రం ఒడ్డున రాత్రి మేలుకుని ఆనందించడం మా దివిసీమ వాళ్ళకి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఆ ఆనందానికి మా అమ్మ పెట్టిన ఖర్చు మాత్రం కొంగు దాటి పోయేది కాదు.

ఈ ముళ్ళ సంగతి నాకు మళ్ళీ గుర్తొచ్చింది మా మేనల్లుడి వల్ల. నిరుడు దసరా అయ్యాక ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మావయ్యా, మేం ఆరుగురం గోవా వెళ్తన్నాం. డిసెంబరు 31 రాత్రి అక్కడే. మనిషికి 15 వేలు పెట్టుకున్నాం. సరిపోద్దంటావా?"

"31కే ఎందుకురా?"

"అందరూ అప్పుడే గదా వెళ్ళేది."

వాణ్ణి కూర్చోబెట్టి నా సంగతి చెప్పాను. ముప్పై ఏళ్ళ కిందట మేం అయిదుగురు స్నేహితులం ఇలాగే డిసెంబరు చివర్లో వెళ్ళాం. హుబ్లీ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. చేరేసరికి రాత్రి పది. ఒక లాడ్జీవాడు రూము చూపించకుండానే అడ్వాన్సు కట్టించుకున్నాడు. లోపలికెళ్తే కిటికీ లేదు, మంచానికి పరుపు లేదు. డబ్బు తిరిగివ్వమంటే ఇవ్వనన్నాడు. ఆ అర్ధరాత్రి ఇంకో చోటు వెతుక్కునే దారి లేదు. ఆ పై మూడు రోజులూ ఏ రోజుకి ఎంతన్న లెక్క ఎవరూ వేసుకోలేదు. తిరుగు ప్రయాణానికి జనరల్ పెట్టె టికెట్లు కొంటే చేతిలో మిగిలింది జామకాయలకి సరిపడా. హుబ్లీ నుంచి విజయవాడ దాకా అవే తిన్నాం. అమ్మ ముడి వేయడం చిన్నప్పట్నుంచీ చూసి కూడా నేను ముడి వేసుకోకుండా వెళ్ళానన్న బాధ చాలాకాలం ఉండిపోయింది.

సముద్రతీర విహారంలో డబ్బు మిగిలేదీ పోయేదీ మొదట తేదీ దగ్గరే. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి రెండు రోజుల దాకా గోవాలో అదే గది, అదే మంచం, అదే ఫ్యాను రేటు రెట్టింపు దాటిపోతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ మా ఊరి కాలం లెక్క చూసుకుంటే నాకు సంతోషం కలిగిన విషయం ఒకటుంది. ఇక్కడ వరి కోతకి రెండు మూడు రోజుల ముందు తడి పొలంలోనే మినుములు చల్లుతాం. పొలంలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో చేను పెరుగుతుంది. కోసి, నూర్చి, అమ్మి డబ్బు చేతికొచ్చేసరికి మార్చి. గోవాలో రద్దీ తగ్గి రేట్లు దిగొచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఒడ్డున వేసే షాకులు, అంటే పాకల హోటళ్ళు, మే నెలాఖరు దాకా ఉంటాయి. ఆ తర్వాత వానలకి ముందు విప్పేస్తారు. హోలీ సెలవుల్ని తప్పించుకుంటే రైతుబిడ్డకి మార్చికి మించిన నెల లేదు. చేతిలో సొంత పంట డబ్బుంటుంది, చేలో పని ఉండదు.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మొదలవుతుంది. 2024 అక్టోబరు దాకా అది 120 రోజులు. అంటే జనవరిలో మినుము పూత మీద ఉన్నప్పుడు టికెట్ తీసుకోవాలి. విజయవాడ మీదుగా గోవాలోని వాస్కో వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ వారానికి 4 రోజులుంది. స్లీపర్లో వెళ్తే ఒక రాత్రి గది అద్దె బండిలోనే కలిసొస్తుంది. పైగా మర్నాడు పగలు క్యాజిల్ రాక్ దాటాక, 310 మీటర్ల ఎత్తు నుంచి దిగే దూధ్‌సాగర్ జలపాతాన్ని ఆనుకునే బండి పోతుంది. మార్చిలో ధార సన్నబడినా ఆ కొండ, ఆ లోయ చాలు. విమానంలో వెళ్ళేవాళ్ళకి అది దొరకదు.

గది విషయంలో మావాడు మొదట నా మాట వినలేదు. "అల చప్పుడు వినపడాలి మావయ్యా" అన్నాడు. అల చప్పుడు వినిపించే గదికీ, రెండు కిలోమీటర్లు లోపలికి కొబ్బరిచెట్ల మధ్య ఊళ్ళో ఉన్న గదికీ తేడా లెక్కవేయించాను. ఆ తేడాతో ఆరుగురికి నాలుగు రోజుల టిఫిన్లు వచ్చాయి. ఇంకో చిన్న సంగతి: గది అద్దె రోజుకి 7,500 లోపైతే జీఎస్టీ 5 శాతం, దాటితే 18. ఇద్దరికొక చిన్న గది తీసుకుంటే ఆ గీత దగ్గరికే పోం.

తిరగడానికి స్కూటర్లు. ఇక్కడ చాలామంది మోసపోతారు. గోవాలో అద్దెకిచ్చే స్కూటరుకి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండాలి. తెల్ల ప్లేటు బండి సొంతానికి మాత్రమే. వంద తక్కువకి వస్తోందని అది తీసుకుంటే పోలీసులు ఆపినప్పుడు కట్టేది వెయ్యి పైమాటే. బండి తీసుకునేముందు గీతలన్నీ ఫోనులో వీడియో తీయమన్నాను. ఒక్కడే ఉన్నప్పుడు పైలట్ ఎక్కొచ్చు. అక్కడ మనిషిని వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళే మోటార్ సైకిల్‌ని పైలట్ అంటారు. పణజి, మాపుసా మధ్య కదంబ బస్సులు తిరుగుతూనే ఉంటాయి.

తిండి గురించి మావాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేకపోయింది. కొరమేను, చందువా, రొయ్య మధ్య పెరిగిన నోళ్ళు. ఒడ్డున రాత్రి పళ్ళెంలో పేర్చి చూపించే చేపకి తూకం అడక్కుండా వండమంటే బిల్లు చూసి గుండె ఆగుతుంది. మధ్యాహ్నం ఊళ్ళో పనివాళ్ళు తినేచోట చేపలకూర అన్నం పళ్ళెం అడగాలి. వేపుడు ముక్క, కొబ్బరి పులుసు, పైన కోకం రసం. రోజుకి పెద్ద భోజనం అదే పెట్టుకుంటే రాత్రి ఖర్చు సగానికి పడిపోతుంది.

హంసలదీవిలోలాగా మూడు ఇటుకలు పెట్టి వండుకుందామనుకుంటే మాత్రం కుదరదు. 2019లో గోవా ప్రభుత్వం చట్టం మార్చి, తీరంలో ఆరుబయట వండినా, తాగినా మనిషికి 2,000, గుంపుకి 10,000 జరిమానా పెట్టింది. ఆ తర్వాత ఇంకా పెంచింది. పగిలిన సీసాలు ఇసుకలో కప్పబడిపోయి పిల్లల కాళ్ళు కోసుకుంటున్నప్పుడు ఆ చట్టం రావలసిందే. మా చల్లపల్లిలో 2014 నుంచి తెల్లవారుజామున లేచి రోడ్లు ఊడ్చే స్వచ్ఛ కార్యకర్తల్ని చూస్తున్నవాణ్ణి, ఆ జరిమానా ఎక్కువని నేననలేను.

అసలు డబ్బు కరిగేది రాత్రి. పగలు పది రూపాయలకి బేరమాడినవాడే రాత్రి పదకొండింటికి రెండువేలకి ఆలోచించడు. పాట, వెలుగు, స్నేహితుల ముందు వెనక్కి తగ్గలేకపోవడం, అన్నీ కలుస్తాయి. మగపిల్లలే గుంపుగా వెళ్తే చాలా క్లబ్బుల్లో లోపలికి రానివ్వరు, రానిస్తే కవర్ చార్జి, అంటే లోపలికి రానిచ్చేందుకు తీసుకునే డబ్బు, ఎక్కువ. గుమ్మం దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ డబ్బు లోపల తిండికీ తాగుడికీ చెల్లుతుందా, ఊరికే పోతుందా? బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే తీసేయమనొచ్చు. అది తప్పనిసరి కాదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్నే ఖాయం చేసింది. దక్షిణ గోవాలోని పాలోలెంలో రాత్రి పది తర్వాత ఆరుబయట పెద్ద చప్పుడు కుదరదు కాబట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడే పార్టీలు పుట్టాయి. మాండవి నదిలో నిలిపి ఉండే కేసినో ఓడల జోలికి మాత్రం వెళ్ళొద్దని చేతులు పట్టుకుని చెప్పాను. రాత్రికి ఎంత ఖర్చన్నది ముందే తెలియని చోటు అదొక్కటే. తండ్రి చెమట మినుము గింజలో ఉంది.

ఫోనుకి కొంగు లేదు, ముడి లేదు. వేలు తాకితే ఖాతా మొత్తం తెరుచుకుంటుంది. అందుకని ప్రయాణం డబ్బంతా ఆరుగురిలో ఒకడి పాత ఖాతాలోకి చేర్చారు. మిగతా అయిదుగురూ చెల్లింపుల యాప్‌లు ఫోనుల్లోంచి తీసేశారు. రాత్రి ఖర్చు రోజుకి ఇంతని నగదుగా తీసి వేరువేరు కవర్లలో పెట్టారు. ఏ రాత్రి కవరు ఆ రాత్రికే. మా అక్కయ్య ఇంకో కవరు తెచ్చి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, పిన్నీసు గుచ్చి కొడుకు చేతికిచ్చింది. "ఇది ఇంటికొచ్చాకే విప్పాలి" అంది. ఆ మాట వినగానే మా అమ్మ గొంతు విన్నట్టే అయింది.

తగ్గించుకోకూడని చోట్లు కూడా చెప్పాను. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని మింగింది. 2004 డిసెంబరు 26 సునామీ మంగినపూడి ఒడ్డున ఆదివారం స్నానాలకి వెళ్ళినవాళ్ళని లాక్కుంది. సముద్రం ఏం చేయగలదో తెలిసిన ఊళ్ళవాళ్ళం మనం. ఎర్ర జెండా ఉన్నచోట, కాపలావాళ్ళు లేనిచోట, చీకటి పడ్డాక, మందు తాగాక నీళ్ళలో దిగకూడదు. స్కూటరుకి హెల్మెట్ ఉండాలి. 2025 డిసెంబరులో ఆర్పోరాలో ఒక నైట్ క్లబ్ కాలిపోయి 25 మంది చనిపోయారు. అక్కడ పనిచేసే పేదపిల్లలే వాళ్ళలో ఎక్కువ. ఇరుకు మెట్లు, ఒకటే దారి ఉన్నచోట ఎంత తక్కువకి రానిచ్చినా లోపలికి అడుగుపెట్టొద్దన్నాను.

గోవా దూరమనుకునే ఆడపిల్లలకి మన తీరమే ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. మా వీధి కుట్టుమిషను అమ్మాయిలు ఒక ఆదివారం బందరు దాకా అలాగే వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుని మంగినపూడి చూసొచ్చారు. నల్లమన్ను నేల, మోకాలి లోతులో చాలాదూరం నడవగలిగే నీళ్ళు. ఒకమ్మాయి పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడటం అదే మొదటిసారట. చల్లపల్లికి అంత దగ్గర్లో ఉండి! అది విన్న రోజు నాకు అన్నం సరిగా దిగలేదు.

మావాళ్ళు మార్చిలో వెళ్ళారు. చివరి రోజు సాయంత్రం ఫోనొచ్చింది. ఒకడికి రాళ్ళ మధ్య ఆల్చిప్ప కోసుకుని అరికాలు తెగింది. నెత్తురు ఆగడం లేదు. రాత్రి ఖర్చు కవర్లు అప్పటికే అయిపోయాయి.

"మావయ్యా, అమ్మ కవరు విప్పమంటావా?"

"విప్పరా. దానికోసమే ఇచ్చింది."

మూడు కుట్లు పడ్డాయి, ధనుర్వాతం ఇంజక్షన్ చేశారు. తిరుగు రైలు టికెట్లు ముందే ఉన్నాయి. విజయవాడలో దిగాక ఆ కుర్రాణ్ణి బస్సులో నిలబెట్టడం ఇష్టంలేక కవర్లో మిగిలిన దాంతో చల్లపల్లి దాకా కారు మాట్లాడారు. తెల్లవారి అయిదున్నరకి సెంటర్లో దిగారు. స్వచ్ఛ కార్యకర్తలు అప్పుడే ఊడ్చి వెళ్ళినట్టున్నారు, రోడ్డు నిండా చీపురు గీతలు. మా అక్కయ్య కుర్రాడి కాలు కట్టు చూసింది, తర్వాత కొడుకు చేతిలోంచి ఖాళీ కవరు తీసుకుంది. పిన్నీసు తీసి మళ్ళీ తన జాకెట్టుకి పెట్టుకుంది.